మలుపులో టక్‌టక్‌మన్న కారు: చప్పుడు మూలాన్ని పట్టుకున్న వర్క్‌షాపు

కారు నేరుగా వెళ్తున్నంతసేపు మామూలుగా ఉండి, మలుపు తిరిగేటప్పుడు మాత్రం ముందు చక్రాల దగ్గర టక్‌టక్‌మని మోగుతుంటే, ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టడమే అసలు పని; భాగం మార్చడం ఆ తర్వాతి పని. ఈ సంగతి నాకు రెండు వర్క్‌షాపులు తిరిగాక గాని తెలిసిరాలేదు. మొదటిచోట రెండు భాగాలు మార్చారు, చప్పుడు మాత్రం పోలేదు. రెండోచోట పానా చేతపట్టకముందే దాదాపు ముప్పావు గంటసేపు కారును నడిపి, విని, కింద నుంచి చూసి, గేర్‌బాక్సు నుంచి చక్రానికి ఇంజను బలాన్ని అందించే కడ్డీ, అంటే డ్రైవ్ షాఫ్ట్, కుడివైపుదాని బయటి జాయింటు (చక్రం దగ్గరిది) అరిగిందని తేల్చారు. ఆ జాయింటు మార్చిన రోజు నుంచి చప్పుడు లేదు. ఈ సమీక్ష రెండోచోట అందిన సేవ గురించే అయినా, మొదటిచోట ఏం జరిగిందో కొంత చెప్పకపోతే వారి పనితనం ఎందులో ఉందో పాఠకులకు తెలియదు.

నాది ముందు చక్రాలకే ఇంజను బలం అందే చిన్న కారు. గేర్లు చేత్తో వేసుకోవాలి. అప్పటికి 90 వేల కిలోమీటర్లు దాటి తిరిగింది. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి కారును వెనక్కి తీస్తున్నప్పుడు, రెండు గోలీలు ఒకదానికొకటి తగిలినట్టు సన్నని చప్పుడు రావడంతో ఇది మొదలైంది. నెల తిరిగేసరికి యూటర్న్ తీసుకున్న ప్రతిసారీ స్పష్టంగా వినిపించసాగింది. యాక్సిలరేటర్ నొక్కితే పెరిగేది, కాలు తీస్తే తగ్గేది. కారు కదిలే వేగాన్ని బట్టి టకటకలు దగ్గరగానో దూరంగానో పడేవి. బ్రేకు వేసినప్పుడు గాని, గతుకుల మీద వెళ్లినప్పుడు గాని ఏమీ వినిపించేది కాదు. ఇవన్నీ నేను గమనించాను గాని, జబ్బు పేరు వీటిలోనే దాదాపుగా రాసి ఉందని నాకప్పుడు తెలియదు.

మొదటి వర్క్‌షాపులో నేను చెప్పినదాన్ని సగం విని కారును లిఫ్ట్ ఎక్కించారు. చక్రాన్ని అటూ ఇటూ ఊపి చూసి, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఉండే నిలువు భాగం) పైభాగంలో ఉండే మౌంటు పోయిందనీ, సస్పెన్షన్‌లోని లింక్ రాడ్ అనే చిన్న కడ్డీ వదులైందనీ చెప్పారు. కుడివైపు రెండూ మార్చారు. ఆ రెండూ నిజంగానే అరిగి ఉండవచ్చు, దాన్ని నేను కాదనను. అయితే నేను వెళ్లింది టక్‌టక్ చప్పుడు కోసం, అది మర్నాడు ఉదయం మొదటి మలుపులోనే మళ్లీ వినిపించింది. తిరిగి వెళ్లి అడిగితే, కొత్త భాగాలు సర్దుకునేదాకా అలాగే ఉంటుందని చెప్పి పంపించారు. కారును నడిపి చూడటానికి ఒక్కరూ రాలేదు. నాకు బాధ కలిగించింది ఖర్చు కన్నా ఇదే. చప్పుడు ఫిర్యాదుతో వచ్చిన కారులో కూర్చుని ఆ చప్పుడు వినకుండా చేసిన మరమ్మతు, రోగి నాడి చూడకుండా రాసిన మందుచీటీ లాంటిది.

రెండో వర్క్‌షాపులో కారును చూసినాయన వయసులో పెద్దవారు. కారు తాళం తీసుకోవడానికి ముందే ఆయన నన్ను నాలుగైదు ప్రశ్నలు అడిగారు. "కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పితే చప్పుడు వస్తుందా సార్?" అన్నది మొదటి ప్రశ్న. రాదని చెప్పాను. "వస్తే చక్రంతోపాటు లెక్కగా వస్తుందా, లేక ఒక్కసారి టక్కుమని ఊరుకుంటుందా?" అన్నది రెండోది. లెక్కగానే వస్తుందన్నాను. ఆయన తల ఊపి, "అయితే తిరిగే వస్తువులోనే ఉంది, ఆగి ఉండే వస్తువులో లేదు. పదండి, విందాం" అన్నారు.

ఆ ఒక్క మాటతో మొదటి వర్క్‌షాపు చేసిన పొరపాటు నాకు బోధపడింది. స్ట్రట్ మౌంటులోని బేరింగు పాడైతే, కారు నిలబడి ఉన్నా స్టీరింగు తిప్పగానే స్ప్రింగు గుంజుకుని ఒక్కసారిగా వదిలినట్టు టంగుమని శబ్దం వస్తుంది. లింక్ రాడ్, బాల్ జాయింటు వంటివి వదులైతే గతుకులలో కొట్టుకుంటాయి. వీటిలో ఏదీ చక్రం తిరిగే లెక్కకు కట్టుబడి మోగదు. చక్రం వేగంతోపాటు పెరిగి, మలుపులో మాత్రమే వినిపించి, యాక్సిలరేటర్ నొక్కగానే గట్టిపడే చప్పుడు డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింటు వైపే వేలు చూపిస్తుంది. మా వాళ్లందరూ సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ) జాయింటు అనే వస్తువు అదే.

పరీక్ష కోసం ఆయన నన్ను ఒక ఖాళీ స్థలానికి తీసుకువెళ్లారు. రేడియో, ఏసీ ఫ్యాను ఆపించి అద్దాలు నాలుగూ దింపించారు. మొదటి గేరులో స్టీరింగును ఎడమకు పూర్తిగా తిప్పి, మనిషి నడిచే వేగంతో గుండ్రంగా తిప్పమన్నారు. ఆయన ముందు పక్క సీటులో కూర్చుని విన్నారు, తర్వాత దిగి వలయం మధ్యలో నిలబడి విన్నారు, ఆ పైన వలయం బయటకు వెళ్లి విన్నారు. యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ నొక్కమన్నారు, టకటకలు గట్టిపడ్డాయి. తర్వాత కుడికి అలాగే తిప్పించారు. ఈసారి చప్పుడు చెవి ఒగ్గి వింటే గాని అందనంత పలచబడింది. చివరికి రెండు వైపులా వెనక్కి నడిపించారు.

ఎడమకు తిరిగేటప్పుడు కారు బరువు కుడి చక్రం మీదికి ఒరుగుతుంది కాబట్టి, ఎడమ మలుపులో చప్పుడు హెచ్చితే ఎక్కువసార్లు కుడివైపు బయటి జాయింటునే అనుమానించాలి. ఆయన ఇంత వివరంగా చెప్పి, వెంటనే, ఇది అనుమానమే గాని రుజువు కాదు, దీన్ని నమ్మి భాగం తెప్పిస్తే ఒక్కోసారి తప్పు వైపు మార్చవలసి వస్తుంది అని కూడా అన్నారు. ఆ రెండో మాట అన్నందుకే నాకు ఆయన మీద గురి కుదిరింది.

వర్క్‌షాపుకు తిరిగి వచ్చాక, పెద్ద అనుమానం పక్కన పెట్టి చిన్నవాటిని ముందు తీసేశారు. చక్రం కవరు ఊడదీశారు, ఎందుకంటే వదులైన ప్లాస్టిక్ కవరు కూడా చక్రంతోపాటు లెక్కగా టక్కుమంటుంది. చక్రం నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూశారు. టైరు గాళ్లలో వేలు పెట్టి తడుముతూ పోయి, శనగగింజంత రాయి ఒకటి పెకలించి నా చేతిలో పెట్టారు. ఇంతేనేమో అని నేను ఆశపడ్డాను. ఆయన మాత్రం, రాయి అయితే నేరుగా వెళ్తున్నప్పుడూ మోగాలి కదా అంటూనే, అనుమానం మిగలకూడదని మళ్లీ ఒకసారి కారును గుండ్రంగా తిప్పించారు. చప్పుడు అలాగే ఉంది. గేరు ముందుకూ వెనక్కూ మార్చినప్పుడు ఒక్కసారి మాత్రమే టక్కుమంటే, షాఫ్టు చివరను చక్రం హబ్బుకు బిగించే హబ్ నట్ బిగువు చూడాలని కూడా చెప్పారు. నా కారులో ఆ లక్షణం లేదు.

అప్పుడు గాని లిఫ్ట్ ఎక్కించలేదు. షాఫ్టుకు రెండు చివర్లా ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు తొడుగును బూట్ అంటారు. లోపలి గ్రీజును బయటకు పోనివ్వకుండా, బయటి నీటినీ దుమ్మునూ లోపలికి రానివ్వకుండా కాపాడేది అదే. చక్రం నేరుగా ఉన్నప్పుడు చూస్తే కుడివైపు బయటి బూట్ నిక్షేపంలా కనిపించింది. ఆయన చక్రాన్ని ఒక పక్కకు పూర్తిగా తిప్పగానే ముడతలు విచ్చుకుని, రెండు ముడతల మధ్య లోయలో బొటనవేలి గోరంత పొడవున చీలిక బయటపడింది. ఆ చీలిక నుంచి చిమ్మిన గ్రీజు చక్రం రిమ్ము లోపలి అంచున, స్ట్రట్ అడుగున, చక్రాన్ని కింది వైపు పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ మీద నల్లటి చారలుగా గట్టిపడి ఉంది. మొదటి వర్క్‌షాపు వాళ్లు అదే చోట మౌంటు, లింక్ రాడ్ మార్చారు. ఆ చారలు వాళ్ల చేతికి జానెడు దూరంలోనే ఉన్నాయి.

చీలిక దగ్గర మిగిలిన గ్రీజును ఆయన వేలితో తీసి నా వేళ్ల మధ్య రాసి చూడమన్నారు. గ్రీజు వెన్నలా జారాలి. ఇది సన్నటి ఇసుక కలిపిన తేనెలా గరగరలాడింది. పక్కనే ఎడమవైపు జాయింటును పట్టుకుని షాఫ్టును ముందుకూ వెనక్కూ తిప్పి చూపించారు, దాదాపు కదలిక లేదు. కుడివైపు అదే పని చేస్తే లోపల ఏదో వదులుగా కొట్టుకుంటున్నట్టు చేతికి తెలిసింది. రుజువు అంటే ఇదీ అన్నట్టుగా నావైపు చూశారు.

ఈ జాయింటు లోపల ఏముందో తెలిస్తే చప్పుడు ఎందుకు వస్తుందో తెలుస్తుంది. ముందు చక్రం రెండు పనులు చేయాలి: ఇంజను బలాన్ని నేలకు అందించాలి, అదే సమయంలో ఎడమకూ కుడికీ మళ్లాలి. మామూలు యూనివర్సల్ జాయింటును వంచి తిప్పితే, అవతలి చివర ఒక్కో చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. అలాంటిది ముందు చక్రానికి పెడితే మలుపులో స్టీరింగు వణుకుతుంది. వంగినా వేగం మారని జాయింటు కావాలి. 1920లలో ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా అనే ఇంజనీరు రూపొందించిన పద్ధతే నేటికీ చాలా కార్ల బయటి జాయింటులో ఉంది. గంట ఆకారంలోని బయటి గిన్నెలో ఆరు గాళ్లు, లోపలి దిమ్మెకు ఆరు గాళ్లు, వాటి మధ్య ఆరు ఉక్కు గుండ్లు, ఆ గుండ్లను పట్టి ఉంచే ఒక పంజరం, అంతే దాని నిర్మాణం. షాఫ్టులు రెండూ ఏ కోణంలో వంగినా ఆ కోణానికి సరిగ్గా మధ్య తలంలో గుండ్లు నిలుస్తాయి, అందువల్ల రెండు వైపులా వేగం ఒక్కటిగా ఉంటుంది. 1959లో వచ్చిన మినీ కారు ఇలాంటి జాయింటుతోనే ముందు చక్రాల చోదనను చిన్న కార్లలోకి విరివిగా తెచ్చింది. స్టీరింగును పూర్తిగా తిప్పినప్పుడు ఈ జాయింటు దాదాపు 45 డిగ్రీల దాకా వంగగలదు.

నేరుగా వెళ్తున్నప్పుడు గుండ్లు గాళ్ల మధ్యలో కొద్దిపాటి మేర మాత్రమే కదులుతాయి. మలుపులో అవి గాళ్ల పొడవునా ముందుకూ వెనక్కూ పరుగెడతాయి. గ్రీజు పోయి ఇసుక చేరితే గాళ్లలో గుంటలు పడతాయి, పంజరంలో గుండ్లు కూర్చునే కిటికీలు వదులవుతాయి. బరువు మీద తిరిగే గుండు ఆ గుంటను దాటిన ప్రతిసారీ ఒక టక్కు వినిపిస్తుంది. మలుపులోనే ఎందుకు, యాక్సిలరేటర్ నొక్కితే ఎందుకు హెచ్చుతుంది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే ఉంది.

ఏం మార్చాలన్న దగ్గర ఆయన నాకు మూడు దారులు చెప్పారు. బూట్ ఒక్కటే మార్చి కొత్త గ్రీజు నింపడం మొదటిది. చీలిక పడిన తొలి రోజుల్లో, చప్పుడు మొదలు కాకముందు అయితే అదే సరిపోయేదనీ, గాళ్లలో గుంటలు పడ్డాక ఎంత గ్రీజు నింపినా గుంటలు పూడవనీ చెప్పి దాన్ని తోసిపుచ్చారు. షాఫ్టు మొత్తం మార్చడం రెండోది. లోపలి జాయింటు కూడా అరిగి ఉంటే అదే మేలు. నేరుగా వెళ్తూ గట్టిగా వేగం పెంచినప్పుడు కారు ముందుభాగం అదిరితే లోపలి జాయింటును అనుమానించాలి, నా కారులో ఆ అదురు లేదు. బయటి జాయింటును మాత్రం కొత్త బూట్, క్లాంపులు, గ్రీజుతో సహా మార్చడం మూడోది. ఆయన దీన్నే సూచించారు, నేనూ ఒప్పుకున్నాను. బయటి జాయింటు ఒక్కటే విడిగా దొరకని కార్లకు షాఫ్టు మొత్తం మార్చక తప్పదు. షాఫ్టు విప్పకుండానే చుట్టి అతికించే, ముందే చీల్చి తయారు చేసిన బూట్ల సంగతి అడిగాను. అతుకు దగ్గర మళ్లీ విచ్చుకుంటాయని, తాము వాటిని వాడమని చెప్పారు. ఆ పట్టుదల నాకు నచ్చింది.

పని దగ్గర నిలబడి చూడనిచ్చారు, ఇది అన్నిచోట్లా దొరికే మర్యాద కాదు. కారు నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుని ఉండగా, హబ్ నట్‌కు వేసిన నొక్కును ఉలితో ఎత్తి నట్ వదులు చేశారు. తర్వాత పైకెత్తి చక్రం తీసి, లోయర్ ఆర్మ్ బాల్ జాయింటును విడదీసి, హబ్బును పక్కకు లాగి షాఫ్టును బయటకు తీశారు. గేర్‌బాక్సు నూనెను ముందే దింపుకున్నారు కాబట్టి నేల మీద చుక్క పడలేదు. షాఫ్టును వైస్‌లో బిగించి, పాత జాయింటును ఊడగొట్టి, దాన్ని కడిగి నాకు చూపించారు. ఒక గాడిలో, అద్దంలా మెరవవలసిన చోట, వేలికొనకు తగిలేంత గుంట, దాని చుట్టూ పొరలు లేచిన ఉక్కు కనిపించాయి. నెలల తరబడి నేను విన్న చప్పుడు అదే.

కొత్త జాయింటును బిగించే ముందు పాతదాని పక్కన పెట్టి షాఫ్టు పళ్ల లెక్క, ఏబీఎస్ రింగు (బ్రేకు వ్యవస్థకు చక్రం వేగం తెలిపే పళ్ల రింగు), పొడవు సరిచూశారు. గ్రీజు ఇష్టమొచ్చినంత పూయలేదు. జాయింటుతో వచ్చిన పొట్లంలోని మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజులో కొంత గుండ్ల మధ్య కూరి, మిగిలినదంతా బూట్‌లో పెట్టారు. చిన్న క్లాంపు బిగించే ముందు బూట్ అంచును కొద్దిగా ఎత్తి లోపల చిక్కిన గాలిని పోనిచ్చారు. గాలి ఉండిపోతే బూట్ ఉబ్బి తొందరగా చిరుగుతుందట. షాఫ్టు చివరి సర్‌క్లిప్పు, గేర్‌బాక్సు సీలు, హబ్ నట్ మూడూ కొత్తవి వేశారు. నట్‌ను టార్క్ రెంచితో, ఆ మోడలుకు తయారీదారు చెప్పిన కొలత చూసి బిగించారు. చిన్న కార్లలో కూడా ఆ కొలత 200 న్యూటన్ మీటర్లు దాటడం మామూలే. చేతి అంచనాతో బిగిస్తే చక్రం బేరింగు పాడవవచ్చు. ఆఖరున కొత్త గేర్ నూనెను సరైన మట్టం దాకా పోశారు.

లోపాలు లేవని చెప్పను. సాయంత్రానికి ఇస్తామన్న కారు మర్నాడు మధ్యాహ్నానికి గాని చేతికి రాలేదు. భాగం రావడం ఆలస్యమైందన్న మాట నేను ఫోను చేస్తే గాని చెప్పలేదు. బిల్లులో సీవీ జాయింటు అని మాత్రమే రాశారు. ఏ వైపుదో, లోపలిదో బయటిదో, ఏ కంపెనీదో రాయమని అడిగి రాయించుకోవలసి వచ్చింది. రేపు అదే జాయింటు మళ్లీ పాడైతే వారంటీ అడగడానికి ఆ ఒక్క వాక్యమే ఆధారం కాబట్టి, ఇంత శ్రద్ధగా పని చేసేవారు ఆ శ్రద్ధను కాగితం మీద కూడా చూపించాలని గట్టిగా కోరుకుంటున్నాను. చక్రాల అలైన్‌మెంటు సంగతి కూడా నేను అడిగాకే చెప్పారు. తాము స్ట్రట్ బోల్టులు విప్పలేదు కాబట్టి తమ పని వల్ల అది అవసరం లేదనీ, మొదటి వర్క్‌షాపులో వాటిని విప్పినట్టు గుర్తులు కనిపిస్తున్నాయి కాబట్టి ఒకసారి చూపించుకోమనీ అన్నారు. చూపించాను, నిజంగానే కొంత తేడా ఉంది. ఇలాంటి మాట అడగకముందే చెప్పవలసినది.

ఇంకొక విషయాన్ని వారు బాగా నొక్కి చెప్పారు. చప్పుడుతోనే కొన్ని వారాలు నడపవచ్చా అని నేను అడిగితే, కొన్నాళ్లు నడుస్తుంది గాని ఎప్పుడు విడిపోతుందో ఎవరూ చెప్పలేరన్నారు. మామూలు డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) ఉన్న కారులో ఒక వైపు జాయింటు విడిపోతే బలమంతా ఆ ఖాళీగా తిరిగే వైపుకే పోతుంది, రెండో చక్రం బాగున్నా కారు కదలదు. ఆటోమేటిక్ కారును వాలు మీద పార్క్ గేరులో ఆపినా అది నిలవదు, చేతి బ్రేకు వేసి తీరాలి. రద్దీ కూడలిలో మలుపు మధ్యన ఇది జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకున్నాక నేను ఆ రోజే కారు వదిలి వెళ్లాను.

కారు అప్పగించే ముందు ఆయన మళ్లీ నన్ను అదే ఖాళీ స్థలానికి తీసుకువెళ్లారు. అద్దాలు దింపి, ఎడమకూ కుడికీ, ముందుకూ వెనక్కూ, మొదట చేసిన పరీక్షనే మొదటి నుంచి చివరి దాకా చేయించారు. టైర్ల కింద నలిగే ఇసుక తప్ప ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత దాదాపు 1,500 కిలోమీటర్లు తిరిగాక క్లాంపులు చూపించుకోవడానికి వెళ్లాను. కుడి బూట్ పొడిగా ఉంది, క్లాంపులు బిగువుగా ఉన్నాయి. ఆయన ఎడమ చక్రాన్ని కూడా పూర్తిగా తిప్పి ముడతలు విప్పి చూశారు. చీలిక లేదు గాని, ఒక ముడత అడుగున ఎండిన చెరువు మట్టిలా సన్నని నెర్రెలు మొదలయ్యాయి. ఈసారి జాయింటు జోలికి పోనక్కరలేదని, గ్రీజు బయటపడకముందే బూట్ ఒక్కటి మారిస్తే చాలని చెప్పారు. వచ్చే వారానికి సమయం తీసుకున్నాను.